ఆ పద్యం ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కసారి లెక్క కట్టండి

18446744073709551615.

సీఎస్ వాళ్ళు ఈ సంఖ్యని చూడగానే గుర్తుపడతారు. మైనస్ గుర్తు అక్కర్లేదనుకుంటే 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. అంటే 2⁶⁴ − 1. సీ లాంగ్వేజ్‌లో అన్‌సైన్డ్ 64 బిట్ వేరియబుల్‌లో ఇది పెట్టి ఇంకొక్కటి కలిపితే సున్నా వస్తుంది. ఇంతవరకు మన ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లోనే అయిపోయింది.

పద్యాలు బాగా చదువుకున్న పెద్దవాళ్ళు కూడా ఈ సంఖ్యని గుర్తుపడతారు. కాకపోతే వాళ్ళు వచ్చిన దారి వేరు. పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న చంపకమాల పద్యం ఒకటుంది. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎంతవుతుందో ఆ పద్యం చెప్తుంది. మల్లన పదకొండో శతాబ్దం కవి అంటారు. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినవాడు.

ఈ పద్యం వాట్సాప్‌లో మీకు కూడా వచ్చే ఉంటుంది. దానికింద సాధారణంగా ఒక వ్యాఖ్య ఉంటుంది: మన వాళ్ళకి వెయ్యేళ్ళ క్రితమే కంప్యూటర్ తెలుసు, షేర్ చేయండి, గర్వపడండి. దానికి ఫ్రెండ్స్ గ్రూపుల్లో వచ్చే స్పందన రెండు రకాలు. కొందరు దండం ఎమోజీ పెట్టి ఇంకో నాలుగు గ్రూపులకి పంపుతారు. ఇంకొందరు "మొదలెట్టారా మళ్ళీ" అని నవ్వేసి స్క్రోల్ చేసేస్తారు.

ఈ రెండు రకాల వాళ్ళూ ఒకే పని చేస్తున్నారని నా అభిప్రాయం. ఇద్దరూ పద్యం చదవలేదు. ఇద్దరూ లెక్క కట్టలేదు. దండం పెట్టినవాళ్ళకి అది నిజమో కాదో అనవసరం, నవ్వినవాళ్ళకీ అంతే. ఒక మనిషి ఇరవై అంకెల సంఖ్యని తప్పు లేకుండా నాలుగు పాదాల పద్యంలో ఇమిడ్చి వెళ్తే, మనం ఆయనకివ్వాల్సిన కనీస మర్యాద ఆ లెక్క సరిచూడటం. అది చేయడానికి తెలుగూ కావాలి, లెక్కలూ కావాలి. రెండూ కొంచెం కొంచెం వచ్చినవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలోనే ఉన్నారు. కాబట్టి రండి, కలిసి చేద్దాం.

పద్యంలో సంఖ్య ఎలా దాగుంది

పాత గణిత గ్రంథాల్లో అంకెలకి బదులు మాటలు వాడేవారు. దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. ఆకాశం శూన్యం కాబట్టి 0. త్రేతాగ్నులు కాబట్టి అగ్ని అంటే 3. వేదాలు 4, సముద్రాలు 4, బ్రహ్మ ముఖాలు కూడా 4. మన్మథుడి బాణాలు 5. కులపర్వతాలు ఏడు కాబట్టి కొండ అంటే 7. దిక్కులు మోసే ఏనుగులు 8. శరీరంలో రంధ్రాలు 9. ఇంకో నియమం ఏంటంటే ఒకట్ల స్థానం ముందు చెప్తారు, అంటే అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. మన భాషలో చెప్పాలంటే లిటిల్ ఎండియన్.

పద్యం బాణంతో మొదలవుతుంది: 5. తర్వాత చంద్రుడు 1, ఆ తర్వాత ఆరు, మళ్ళీ చంద్రుడు 1. తిప్పి రాస్తే 1615. మన సంఖ్యలో చివరి నాలుగు అంకెలు అవే. ఇలా ఇరవై మాటలకి ఇరవై అంకెలు. చివరి రెండూ ఏనుగు 8, చంద్రుడు 1. తిప్పితే 18. మొదలు 18, చివర 1615, మధ్యలో ఏదీ తప్పిపోలేదు. నేను మాట మాటకీ అంకె వేసుకుని పైథాన్ ఇచ్చిన జవాబు పక్కన పెట్టి చూశాను. ఇరవైకి ఇరవై సరిపోయాయి.

ఇందులో చిన్న తమాషా ఉంది. ఈ సంఖ్యలో 1 మూడుసార్లు వస్తుంది, 7 మూడుసార్లు వస్తుంది. పద్యంలో చంద్రుడికి మూడు పేర్లు, కొండకి మూడు పేర్లు. పర్యాయపదాలు ఎందుకు నేర్చుకోవాలి అని టెన్త్‌లో అనుకున్నవాళ్ళకి ఇది ఒక జవాబు: గణాలు కుదరాలంటే ఒకే అంకెకి రకరకాల పొడవుల్లో మాటలు చేతిలో ఉండాలి. ఇంకో తమాషా కూడా ఉంది. రెండుని రెండుతో గుణించుకుంటూ పోయి తయారైన ఈ సంఖ్యలో 2 అనే అంకె మాత్రం ఎక్కడా లేదు.

అరవై నాలుగు సార్లు రెట్టించక్కర్లేదు

మొదట ఆ "మైనస్ ఒకటి" సంగతి. 1 + 2 + 4 = 7, తర్వాతి గడిలో 8. 1 + 2 + 4 + 8 = 15, తర్వాతి గడిలో 16. ఏ గడిలో చూసినా అంతకు ముందు గళ్ళన్నీ కలిపినదాని కంటే ఒకటి ఎక్కువ ఉంటుంది. కాబట్టి 64 గళ్ళ మొత్తం, లేని 65వ గడిలో ఉండాల్సినదానికి ఒకటి తక్కువ. 65వ గడిలో ఉండాల్సింది 2⁶⁴.

2⁶⁴ కనుక్కోవడానికి 64 సార్లు రెట్టించక్కర్లేదు. వర్గం చేసుకుంటూ పోతే చాలు. 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాతది 18446744073709551616. ఆరు గుణకారాలు, అంతే. మనం దీన్ని బైనరీ ఎక్స్‌పొనెన్షియేషన్ అని కోడింగ్ కాంటెస్టుల కోసం నేర్చుకుంటాం. ఈ ఉపాయం పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. సరిసంఖ్య అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తియ్యి, తిరిగొచ్చేటప్పుడు సగం చేసిన చోట వర్గం చెయ్యి, ఒకటి తీసిన చోట రెట్టించు. అదే అల్గారిథమ్.

ఛందస్సు పుస్తకంలో రెండు ఘాతాలు ఎందుకొచ్చాయి? ప్రతి అక్షరం లఘువో గురువో అవుతుంది కాబట్టి. పాదంలో 21 అక్షరాలుంటే లఘుగురువులు 2²¹ రకాలుగా, అంటే 20,97,152 రకాలుగా అమరుతాయి. వాటిలో ఒకటి చంపకమాల. మన ఛందస్సు పుస్తకాల్లో చంపకమాల 711600వ వృత్తం అని రాసి ఉంటుంది. ఈ నంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. చంపకమాల గణాలు న జ భ జ జ జ ర. లఘువుకి 1, గురువుకి 0 వేసి వరసగా రాయండి:

111 101 011 101 101 101 010

మొదటి అక్షరం విలువ 1, రెండోది 2, మూడోది 4, ఇలా రెట్టిస్తూ 1 ఉన్న చోట్ల విలువలన్నీ కలపండి. 711599 వస్తుంది. లెక్క సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి మొదలుపెట్టారు కాబట్టి ఒకటి కలిపితే 711600. సరిగ్గా పుస్తకంలో ఉన్నదే.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. రెండు ఘాతాల గురించి చెప్పే పద్యం, రెండు ఘాతాలతో నంబర్ వేసిన వృత్తంలో ఉంది. ఇది చూస్తే నాకు కలిగిన సంతోషం ఏ ఫార్వర్డూ ఇవ్వలేదు. ఎందుకంటే ఇది ఎవరో చెప్తే నమ్మింది కాదు, నోట్‌బుక్‌లో వేసి చూసుకున్నది.

పద్యం తప్పు రాస్తే దొరుకుతుందా

వెయ్యేళ్ళు చేతిరాతల్లో తిరిగిన సంఖ్య పాడవకుండా ఎలా ఉంటుంది? అంకెల్లో రాస్తే ఒక్క అంకె జారినా ఎవరికీ తెలియదు. పద్యంలో అయితే ఒక మాట జారితే గణం తప్పుతుంది, చదివేవాడి చెవికి తగులుతుంది. అంటే ఛందస్సు ఒక రకంగా చెక్‌సమ్ లాగా పనిచేస్తుంది.

కానీ అన్ని తప్పుల్నీ పట్టుకోలేదు. పద్యంలో రెండో మాట శశి. దాని బదులు గిరి అని రాశారనుకోండి. రెండూ రెండేసి లఘువులే, గణం చెడదు, యతి ప్రాసలకీ ఏం కాదు. కానీ 1 కాస్తా 7 అయిపోతుంది. సంఖ్య చివర 615 బదులు 675 వస్తుంది. ఛందస్సు దీన్ని పట్టుకోలేదు.

లెక్కలు పట్టుకోగలవా? 2⁶⁴ − 1 తప్పనిసరిగా 3తో నిశ్శేషంగా భాగింపబడాలి. ఎందుకంటే 4ని 3తో భాగిస్తే శేషం 1, కాబట్టి 4 ఘాతాలన్నిటికీ శేషం 1, అందులోంచి ఒకటి తీస్తే సున్నా. పద్యంలో అంకెలన్నీ కలిపితే 87 వస్తుంది, 3తో పోతుంది, సరే. గిరి అని తప్పు రాసినప్పుడు 93 వస్తుంది. అదీ 3తో పోతుంది! 5తో చూద్దామంటే చివరి అంకె మారలేదు. ఇంకోటి కావాలి. 2⁸ = 256 = 17 × 15 + 1. కాబట్టి మన సంఖ్య 17తో కూడా పోవాలి. తప్పు రాసినప్పుడు సంఖ్యకి 60 ఎక్కువ కలిసింది, 60 మాత్రం 17తో పోదు. దొంగ దొరికాడు.

ఛందస్సు కొన్ని తప్పుల్ని ఆపుతుంది, 3 కొన్నిటిని, 17 ఇంకొన్నిటిని. ఎర్రర్ డిటెక్షన్ చాప్టర్‌లో మనం చదివేది కూడా ఇదే కదా, ఒక్క పరీక్ష అన్నిటికీ సరిపోదని.

సంఖ్యని విప్పి చూస్తే

3, 5, 17 అన్నీ ఎలా వచ్చాయి? ఎనిమిదో తరగతి సూత్రం చాలు. (ఎ² − 1) అంటే (ఎ + 1)(ఎ − 1). 2⁶⁴ − 1 ని ఇలా విడగొట్టండి: (2³² + 1)(2³² − 1). రెండోదాన్ని మళ్ళీ విడగొట్టండి: (2¹⁶ + 1)(2¹⁶ − 1). ఇలా పోతే చివరికి మిగిలేది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఇలా వచ్చే సంఖ్యలన్నీ ప్రధానాలే అయి ఉంటాయని పదిహేడో శతాబ్దంలో ఫెర్మా అనుకున్నాడు. అంత గొప్ప గణితజ్ఞుడు చెప్పాడు కాబట్టి నిజమే అయ్యుంటుందని ఊరుకోవచ్చు. ఆయిలర్ ఊరుకోలేదు. 1732లో ఆరోది విరగ్గొట్టి చూపించాడు: 4294967297 = 641 × 6700417.

641 ఎలా దొరికింది? ఆరోదాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువగా ఉండి తీరాలి. అలాంటి ప్రధానాలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే దొరికిపోతుంది. ఇప్పుడు భాగహారం కూడా చేయకుండా 641 సంగతి తేల్చొచ్చు. 5 × 128 = 640, అంటే 641తో భాగిస్తే శేషం −1. దీన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸ కి శేషం 1. కానీ 5⁴ = 625, అంటే 641 − 16, శేషం −16, అంటే −2⁴. కాబట్టి −2⁴ × 2²⁸, అంటే −2³² కి శేషం 1. అంటే 2³² + 1 కి శేషం సున్నా. అయిపోయింది. కాలిక్యులేటర్ ముట్టుకోకుండా నాలుగు వాక్యాల్లో.

ఈ కారకాల్లో ఒక్కొక్కదానికి ఒక్కో కథ ఉంది. 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని గాస్ 1796లో కనుక్కున్నాడు, అప్పటికి ఆయనకి పంతొమ్మిది నిండలేదు. మన వయసే. 3, 5, 17, 257, 65537 ఐదిటినీ గుణిస్తే 2³² − 1 వస్తుంది, అన్ని భుజాల బహుభుజిని కూడా సూత్రప్రాయంగా గీయొచ్చు. 65537 అయితే ప్రతి రోజూ మన ఫోన్లో పనిచేస్తూనే ఉంది. ఆర్ఎస్ఏ ఎన్‌క్రిప్షన్‌లో పబ్లిక్ కీకి ఎక్కువగా వాడే ఘాతం అదే. బైనరీలో దానికి రెండే ఒకట్లు, మధ్యలో అన్నీ సున్నాలు, కాబట్టి లెక్క త్వరగా అవుతుంది.

పద్యంలో ఉన్న సంఖ్యలోంచే ఇవన్నీ బయటికొచ్చాయి. మల్లనకి ఇవన్నీ తెలుసని నేననడం లేదు. ఆయన చెప్పింది మొత్తం ఎంత అని. లోపల ఏముంది అని అడిగినవాళ్ళు వేరు. పద్యానికి దండం పెట్టి పక్కకెళ్ళిపోతే ఈ రెండో ప్రశ్న ఎప్పటికీ రాదు.

గర్వపడితే తప్పేంటి

"పోనీలే, ఎవరో గర్వపడుతున్నారు, నీకేంటి నష్టం" అని అడగొచ్చు. నష్టం ఉందనే నేను ఇదంతా రాస్తున్నాను.

మొదటిది, ఈ సంఖ్య మన ఒక్కళ్ళదే కాదు. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా ఇదే చదరంగం లెక్క కట్టి ఇదే జవాబు రాశాడు. చదరంగం మన దేశం నుంచి పడమరకి వెళ్ళింది, దాంతో పాటు లెక్కలూ కథలూ అటూ ఇటూ తిరిగాయి. "ప్రపంచంలో మొదటిసారి" అనే మాట తగిలించిన క్షణం నుంచి పద్యం గురించి మాట్లాడటం ఆగిపోయి, ఎవరు ముందు అనే గొడవ మొదలవుతుంది.

రెండోది, కథల సంగతి. కాశీలో ఒక గుడిలో 64 బంగారు పళ్ళేలు ఉన్నాయని, పూజారులు వాటిని ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి మారుస్తున్నారని, అది పూర్తయితే ప్రళయం వస్తుందని మీరు విని ఉంటారు. అదే టవర్ ఆఫ్ హనోయ్. దానికి కావాల్సిన ఎత్తుగడలు కూడా సరిగ్గా 18446744073709551615. సెకనుకి ఒకటి చొప్పున కదిపితే 58 వేల కోట్ల సంవత్సరాలకి పైనే పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు. లెక్క అద్భుతం. కానీ ఆ పజిల్‌ని 1883లో బయటపెట్టింది ఎడ్వార్డ్ లుకాస్ అనే ఫ్రెంచ్ గణితజ్ఞుడు, కాశీ కథ కూడా ఆ పజిల్‌తో పాటే ఫ్రాన్స్‌లో పుట్టింది. ఇప్పుడది "ప్రాచీన భారతీయ గాథ"గా మనకే తిరిగొస్తోంది.

అసలు నష్టం ఇక్కడుంది. నిజమైన పద్యం, తయారుచేసిన కథ, పచ్చి అబద్ధం, మూడూ ఒకే ఫాంట్‌లో, ఒకే జెండా ఎమోజీతో వస్తాయి. పది ఫార్వర్డులు అబద్ధమని తేలిన తర్వాత పదకొండోది చూడకుండానే పక్కన పడేస్తారు. అందులో మల్లన పద్యం ఉంటే అదీ పోతుంది. నా క్లాస్‌మేట్స్‌లో తెలివైనవాళ్ళు చాలామంది తెలుగులో గణితం అనగానే నవ్వడానికి కారణం వాళ్ళకి భాష మీద ప్రేమ లేక కాదు. తెలుగులో గణితం వాళ్ళకి ఎప్పుడూ ఇలాంటి ఫార్వర్డుల రూపంలోనే ఎదురైంది కాబట్టి. పొగిడేవాళ్ళే ఆ పద్యాన్ని నమ్మలేనిదాన్ని చేశారు.

కంప్యూటర్ మాటకొస్తే ఒక ప్రయోగం చేయండి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ కన్సోల్ తెరిచి మన ఇరవై అంకెలూ టైప్ చేసి ఎంటర్ కొట్టండి. 18446744073709552000 అని వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలు 2⁵³ దాటితే అన్నీ కచ్చితంగా నిలవవు. ఎక్సెల్‌లో వేస్తే ఇంకా అన్యాయం, పదిహేను అంకెల తర్వాత అన్నీ సున్నాలే. పద్యంలో ఒకట్ల స్థానం 5 అని మొదటి మాటలోనే ఉంది, మన బ్రౌజర్ మాత్రం సున్నా అంటోంది. ఇది "మన పూర్వీకులకి కంప్యూటర్ తెలుసు" అనడం కంటే వెయ్యి రెట్లు సరదాగా లేదూ? పైగా నిజం కూడా. అయితే దీని అర్థం మల్లన గెలిచాడని కాదు. పైథాన్‌లో వేస్తే ఇరవై అంకెలూ వస్తాయి. ఏ పరికరం ఎంతవరకు నిలబెడుతుందో తెలుసుకుని వాడాలని మాత్రమే అర్థం. డబ్బు లెక్కలు, ఐడీ నంబర్లు ఇలాంటి కోడ్‌లోంచే వెళ్తాయి. రేపు ఉద్యోగాల్లో అవి రాసేది మనమే.

ఇంకో అభ్యంతరం నాకు తెలిసినవాళ్ళే అంటారు: ప్లేస్‌మెంట్స్ నెత్తి మీద ఉంటే పద్యాలేంటి, 641 ఏంటి? ఇంటర్వ్యూలో అడగరు కదా. నిజమే, అడగరు. కానీ ఈ ఒక్క సంఖ్య చుట్టూ మనం ఇప్పటిదాకా చూసినవి ఏంటి? ఎండియన్‌నెస్, ఫాస్ట్ ఎక్స్‌పొనెన్షియేషన్, బైనరీ ఎన్‌కోడింగ్, ఎర్రర్ డిటెక్షన్, మాడ్యులర్ అరిథ్‌మెటిక్, ఫ్లోటింగ్ పాయింట్ పరిమితి. సిలబస్‌లో ఆరు చోట్ల విడివిడిగా బట్టీ కొట్టేవి ఒక పద్యంలో కలిసి కనిపించాయి. దీన్ని టైమ్ వేస్ట్ అనడం నాకైతే కుదరదు.

ఏం చేద్దాం

మన క్లబ్బుకి నాదొక సూచన. వచ్చే సెమిస్టర్‌లో ఒక సాయంత్రం కోడింగ్ క్లబ్ వాళ్ళనీ మన వాళ్ళనీ కలిపి కూర్చోబెడదాం. పద్యాలు వచ్చినవాళ్ళు మాట విరిచి అర్థం చెప్పాలి, కోడ్ వచ్చినవాళ్ళు సరిచూడాలి. "ప్రపంచంలోనే మొదటిసారి" లాంటి మాటలు వాడకూడదన్నది ఒక్కటే రూల్. నాలాంటి ఇంగ్లీష్ మీడియం వాళ్ళకి ఇంకో పని కూడా ఉంది. ఈ సంఖ్యని తెలుగులో పైకి చదవడం. ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్ల తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. కోటి మీద కోటి వచ్చేసరికి నాలుక తడబడుతుంది. మహావీరాచార్యుడి పుస్తకంలో ఒకట్ల నుంచి మహాక్షోభ దాకా 24 స్థానాలకి విడివిడిగా పేర్లున్నాయి, ఈ ఇరవై అంకెలకి కోటి దగ్గర ఆగాల్సిన అవసరమే లేదు. ఆ పేర్లు మనం మళ్ళీ వాడాలని కాదు, కనీసం ఒకసారి చూస్తే బాగుంటుంది.

ఈసారి ఆ పద్యం మీ ఫోన్‌కి వస్తే వెంటనే పంపకండి, వెంటనే డిలీట్ కూడా చేయకండి. ఇరవై మాటలకి ఇరవై అంకెలు వేయండి. అంకెలు కలిపి 87 వచ్చిందో లేదో చూడండి. 17తో భాగించండి. అప్పుడు పంపాలనిపిస్తే, మీరు వేసిన లెక్క కూడా ఫొటో తీసి దాంతో పాటు పంపండి.

చంపకమాల నంబర్ నేను వేసి చూపించాను కాబట్టి ఉత్పలమాల మీకు వదిలేస్తున్నాను. గణాలు భ ర న భ భ ర వ, ఇరవై అక్షరాలు. 355799 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక గురువుని లఘువు చేసి ఉంటారు, వెతకండి.